గోధుమ వంగడములు – కుంకుమ తెగులు

కార్తికమాసమున విత్తి, చలికాలమంతయు కాపాడి, ఫాల్గున చైత్రములలో కోసికొను గోధుమపైరునకు శత్రువులు పెక్కు గలవు. కాని పైరు పచ్చగా ఎదిగి, వెన్ను తీసి, గింజ పాలుపోసికొను వేళకు ఆకుల మీదను కాడల మీదను పొక్కులై లేచి, కొలది దినములలో చేనికి చేనే మాడ్చివేయు కుంకుమ తెగులు వంటి శత్రువు వేరొకటి లేదు. త్రుప్పు తెగులనియు దీనినే వ్యవహరింతురు. కంటికి కనరాని శిలీంధ్రపు సిద్ధబీజమొకటి మంచుతో తడిసిన ఆకు మీద పడి, మొలకెత్తి, ఆకునందలి సూక్ష్మరంధ్రముగుండ లోనికి చొచ్చి, మొక్క తనకై వండుకొనిన ఆహారమును తాను భుజించి, రెండు వారములు తిరుగకమునుపే పొక్కుగా పైకి వచ్చి పగిలి, తనవంటి సిద్ధబీజములను వేలకొలది గాలికి వదలును. ఇందు మూడు జాతులు. కాడను ముఖ్యముగా పట్టునది నల్లత్రుప్పు. ఆకును పట్టునది కపిలత్రుప్పు. ఈనెల వెంట చారలు చారలుగా సాగునది పసుపుత్రుప్పు. చలి హెచ్చుగానున్న చోట పసుపుది, వెచ్చదనము కొంత కలిగిన చోట నల్లది విజృంభించును. అందుచేత పంజాబు రైతు భయపడు తెగులు ఒకటి, నర్మదాతీరపు రైతు భయపడు తెగులు మరియొకటి.

ఈ బాధ నేటిది కాదు. ప్రాచీన రోమకులు దీనికొక అధిదేవతనే కల్పించుకొని, ఏటేట ఏప్రిల్ 25వ తేదీన బలులర్పించి తమ చేలను విడిచి పొమ్మని ప్రార్థించుచుండిరి. మనదేశమున పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున నర్మదాప్రాంతమున పరిపాలనాధికారిగా నుండిన స్లీమన్ 1844లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున, ఈ తెగులు గోధుమచేలను నాశనముచేసి గ్రామములకు గ్రామములను దుర్భిక్షమున పడద్రోసిన వైనమును వర్ణించియున్నాడు. తెగులునకు హేతువు తెలియనినాడు రైతు దానిని దైవకోపమనుకొనుట సహజము. హేతువు తెలిసిన పిమ్మటనైనను, మందు చల్లి చేనిని కాపాడుకొను స్తోమత మన రైతులలో పెక్కుమందికి లేదు గనుక, తెగులును తన ఒంటిలోనే ఎదిరింపగల విత్తనమును రైతు చేతికిచ్చుట యొక్కటియే అతనికి అందుబాటులోనుండు రక్ష. ఆ విత్తనము నెట్లు సాధించిరో, సాధించినదానిని ఎన్నిమారులు పోగొట్టుకొనిరో చెప్పుట ఈ వ్యాసోద్దేశ్యము.

అనువంశికతను గూర్చిన మెండెలు సూత్రములు 1900లో మరల వెలుగులోనికి వచ్చిన అయిదేండ్లలోనే, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోలండ్ బిఫెన్ అను ఆచార్యుడు, పసుపుత్రుప్పునకు లొంగు గోధుమను లొంగని గోధుమతో సంకరపరచి, వాని రెండవతరమున మూడు పాళ్లు లొంగునవియు ఒకపాలు లొంగనివియు పుట్టుటను చూపెను. తెగులును తట్టుకొను శక్తి కేవలము నేల బలమునుబట్టియో వాతావరణమునుబట్టియో వచ్చునది కాక, తల్లిదండ్రులనుండి సంతతికి లెక్కప్రకారము సంక్రమించు గుణమని రుజువగుట గొప్ప విషయము. అంతకు పూర్వము రైతులు చేనిలో బాగుగా నిలిచిన వెన్నులను ఏరి విత్తనమునకు ఉంచుకొనెడివారు; ఇప్పుడట్లుగాక, ఒక మొక్కయందలి నిరోధకశక్తిని మరియొక మొక్కయందలి దిగుబడితో బుద్ధిపూర్వకముగా జోడించు మార్గ మేర్పడెను.

సరిగా ఆ 1905వ సంవత్సరముననే బీహారులోని పూసా గ్రామమున, అమెరికాదాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళముతో వ్యవసాయ పరిశోధనాలయము వెలసెను. అచ్చట ఆల్బర్టు హోవర్డు, ఆయన భార్య గేబ్రియల్ హోవర్డు దేశవాళీ గోధుమలను సేకరించి, వర్గీకరించి, పూసా 4, పూసా 12 మొదలగు వంగడములను వరణముచేసి రైతులకిచ్చిరి. ఇవి దిగుబడికిని, రొట్టెకు పనికివచ్చు గింజగుణమునకును కీర్తిగన్నవి. పరిశోధనాలయపు శిలీంధ్రశాస్త్రజ్ఞుడు బట్లర్ 1906లో హేమన్ అను సహచరునితో కలిసి భారతదేశపు గోధుమ తెగుళ్లను గూర్చి తొలి సమగ్రగ్రంథమును వెలువరించెను. కాని మూలప్రశ్న అట్లే నిలిచియుండెను. ఏప్రిల్ నెలలో కోత ముగిసిన వెనుక, గంగాసింధుమైదానములలో మే, జూను నెలల యెండ భూమిని కొలిమిగా కాల్చును. ఆ యెండకు ఈ సున్నితమైన సిద్ధబీజములు బ్రతుకజాలవు. బ్రతుకకున్నచో మరల పుష్యమాసమునకు చేలమీదికి ఎచ్చటనుండి వచ్చుచున్నవి?

ఐరోపా, అమెరికా ఖండములలో ఈ ప్రశ్నకు సమాధానము తెలిసియుండెను. నల్లత్రుప్పు బార్బెరీ యను ముండ్లపొద మీద తన జీవితమున ఒక దశను గడపి, అచ్చటనుండి గోధుమమీదికి దూకును. అమెరికా ప్రభుత్వము 1918 మొదలుకొని ఆ పొదలను కోట్లకొలది పెరికించివేసెను. మనదేశమునను హిమాలయ పర్వతములలో బార్బెరీ పొదలున్నవి గనుక, దోషము వానిదేయని తలచుట సులభము. ఆ సులభమైన సమాధానమును అంగీకరింపక, స్వయముగా చూచి తేల్చుకొనదలచినవాడు కరమ్‌చంద్ మెహతా. అమృతసరసున 1892లో జన్మించి, కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి, ఆగ్రా కళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడైన ఈ మహనీయుని పేరు మన పాఠ్యపుస్తకములలో కానరాకపోవుట నాకెప్పుడును బాధాకరముగనే తోచును. సుమారు 1922 నుండి తన జీవితావసానము వరకు, అనగా 1950 వరకు, ఆయన చేసిన పని ఒక్కటియే: త్రుప్పు తెగులు వేసవిలో ఎచ్చట దాగునో వెదకుట.

ఆ వెదకుటలో ఆయన మైదానములను, కొండలను, ఏడాది పొడుగున నెలనెలకు గమనించెను. మైదానమున కోతానంతరము మోడులమీదనుండు సిద్ధబీజములు వేసవి ముగియకమునుపే నిర్జీవములగుచుండెను. సిమ్లా కొండలలోని బార్బెరీ మీద కనబడు త్రుప్పు గోధుమకు అంటుట లేదు. కాగా, కొండలమీద, చల్లని యెత్తులలో, వేసవియందును పండించు గోధుమచేలమీదను, రాలిన గింజలనుండి తమంతట తామే మొలిచిన మొక్కలమీదను, తెగులు సంవత్సరమంతయు ప్రాణముతో నుండుట ఆయన కనుగొనెను. గాలిలో తేలివచ్చు సిద్ధబీజములను జిగురు పూసిన గాజుపలకల మీద పట్టి, ఏ నెలలో ఎచ్చట అవి తొలుత దిగుచున్నవో, ఆ పిమ్మట ఎన్ని దినములకు అచ్చటి చేలలో తెగులు పొడసూపుచున్నదో సరిచూచెను. కొండలమీద దాగి, శీతకాలపు గాలులతో ఏటేట మైదానములమీదికి దిగివచ్చునదే ఈ తెగులని తేలెను. ఉత్తరమున హిమాలయములు, దక్షిణమున నీలగిరి, పళని కొండలు దీనికి నిలయములు. 1940లో ప్రకటింపబడిన ఆయన గ్రంథము మన వ్యవసాయశాస్త్రమున మూలస్తంభము వంటిది. రెండవభాగము ఆయన గతించిన పిమ్మట 1952లో వెలువడెను. సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ భవనమున ఆయన నెలకొల్పిన పరిశోధనాకేంద్రము నేటికిని దేశమందలి త్రుప్పు రకములన్నిటిని పోషించి పరీక్షించుచు, ప్రజనన పరిశోధకులకు అందించుచున్నది.

ఆయన జీవించియుండగనే ఆ పనియొక్క ఆవశ్యకత భయంకరముగా వెల్లడియయ్యెను. 1946–47 శీతకాలమున మధ్యభారతమున నల్లత్రుప్పు చెలరేగి, సుమారు 20 లక్షల టన్నుల గోధుమను హరించెనని అంచనా. వంగదేశపు కరువు ముగిసి ఇంకను నాలుగేండ్లు గడువలేదు. దేశము స్వాతంత్ర్యమునకు సిద్ధమగుచున్నది. ధాన్యాగారములు శూన్యముగా నున్నవి. నర్మదాతీరమునను, మాళవమునను పొక్కుకాడలు తప్ప గింజలేని చేలను రైతులు పశువులకు వదలుకొనవలసి వచ్చెను.

ఇదే కాలమున ఢిల్లీలో మరియొక పని నిశ్శబ్దముగా సాగుచుండెను. 1934 జనవరి భూకంపమున పూసా భవనములు కూలగా, పరిశోధనాలయము 1936లో ఢిల్లీకి తరలింపబడెను. పూసా యను పేరు మాత్రము వెంటవచ్చి నిలిచెను. అచ్చట బెంజమిన్ పియరీ పాల్, బర్మాలో పెరిగి కేంబ్రిడ్జిలో బిఫెన్, ఎంగిల్డోలకు శిష్యుడైనవాడు, మూడు త్రుప్పులను ఒకేమారు ఎదిరింపగల గోధుమకై కృషి నారంభించెను. ఈ కార్యము వినుటకు సులభమైనను చేయుటకు ఎంత దుష్కరమో కొంత వివరింపవలెను. గోధుమపువ్వు తన పుప్పొడితో తానే ఫలించు స్వభావము గలది. పువ్వు విచ్చకమునుపే, చిన్న పట్టకారుతో పొట్టును తొలగించి, ఒక్కొక్క పువ్వునందున్న మూడేసి కేసరములను గాయము కాకుండ తీసివేసి, వెన్నుకు కాగితపుసంచి తొడిగి, రెండు మూడు దినముల పిమ్మట వేరొక జాతి పుప్పొడిని అద్దవలెను. అట్లు వచ్చిన గింజలు కొలదియే. వాని మొదటితరము ఏకరూపముగా నుండును. రెండవతరమున గుణములు విడిపోయి వేల విధముల మొక్కలు పుట్టును. వానినన్నిటిని తెగుళ్ల మడిలో విత్తి, నడుమనడుమ త్రుప్పునకు తప్పక లొంగు ఆగ్రా లోకల్ వంటి రకమును వరుసలుగా నాటి, సాయంవేళ సిద్ధబీజములు కలిపిన నీటిని చిమ్మి, బుద్ధిపూర్వకముగా తెగులును పిలువవలెను. ఆగ్రా లోకల్ వరుసలు కుంకుమ చల్లినట్లై మాడిపోవుచుండగా, ప్రక్కన పచ్చగా నిలిచిన మొక్కయే ఎన్నికకు యోగ్యము. ఇట్లు ఆరేడు తరములు వరణము సాగినగాని వంగడము స్థిరపడదు. నల్లత్రుప్పును తట్టుకొనునది ఒక రకము, పసుపుదానిని తట్టుకొనునది వేరొకటి, కపిలమునకు మరియొకటి. వీనినన్నిటిని ఒక్క శరీరమున చేర్చవలెను. ఇరువదేండ్ల శ్రమకు ఫలముగా 1954లో ఎన్.పి. 809 విడుదలయయ్యెను. మూడు త్రుప్పులకును నిరోధకశక్తి గల తొలి భారతీయ గోధుమ అది. గులాబీల పెంపకమునను ప్రపంచఖ్యాతి నార్జించిన పాల్ 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యెను.

అయినను, ఇంతటితో పని ముగిసెనని ఎవరైన తలచియున్నచో వారికి త్రుప్పు స్వభావము తెలియదన్నమాట. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున స్టాక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1917 నాటికే, నల్లత్రుప్పు ఒక్కటే కాదనియు, చూచుటకు ఒక్కతీరుగానుండు ఆ శిలీంధ్రములో భిన్నభిన్న ఉపజాతులున్నవనియు, ఒక గోధుమకు ఒక ఉపజాతి లొంగినను మరియొకటి లొంగదనియు నిరూపించెను. వానిని గుర్తించుటకై ఆయన ఎన్నుకొనిన పన్నెండు గోధుమలలో మన దక్కను ప్రాంతపు ఖప్లీ గోధుమయు నొకటి. కర్ణాటక, మహారాష్ట్ర రైతులు తరతరములుగా కాపాడుకొనిన పొట్టుగోధుమ అది. బాంధవ్యమున రొట్టెగోధుమకు దూరపుది, ఓర్పున దానికంటె అధికము. దక్షిణ డకోటాలో మెక్‌ఫాడెన్ అను యువకుడు 1916లో ఇట్టి పొట్టుగోధుమల జాతికి చెందిన యారోస్లావ్ అనుదానిని మార్క్విస్ రొట్టెగోధుమతో సంకరపరచెను. క్రోమోజోముల సంఖ్య ఒకదానికి 28, ఒకదానికి 42 అగుటచే, సంతతి చాలవరకు వంధ్యమగుచుండెను; దక్కిన గుప్పెడు గింజలనుండియే హోప్ అను రకము పుట్టెను. దానియందలి నిరోధకశక్తి పైరును పూర్తిగా మచ్చలేనిదానిని చేయజాలదు, కాని తెగులు వ్యాపించు వేగమును అణచి పైరు పండువరకు గడువిచ్చును. పూర్తి నిరోధకత గల రకములెన్నో నాలుగేండ్లకు, ఆరేండ్లకు ఓడిపోయినను, హోప్ యందలి ఈ మందగమనపు శక్తి నేటివరకు ఓడిపోలేదు. ఈ సంగతిని గోధుమ ప్రజననచరిత్రలో అన్నిటికంటె విలువైన పాఠముగా నేను భావింతును.

ఆ శక్తియే మెక్సికోకు చేరెను. రాక్‌ఫెల్లర్ సంస్థ పథకమున 1944లో అచ్చటికి పోయిన నార్మన్ బోర్లాగ్, స్టాక్‌మన్ శిష్యుడు. సొనోరా రాష్ట్రపు యాకీలోయలో 1939 మొదలు వరుసగా నల్లత్రుప్పు పంటలను తుడిచివేయగా రైతులు అప్పులపాలై యుండిరి. పది తరముల వరణమునకు పదేండ్లు ఆగు ఓపిక వారికిని లేదు, ఆయనకును లేదు. శీతకాలమున సముద్రమట్టమున నుండు సొనోరాలోను, వేసవిలో 2,600 మీటర్ల యెత్తున నుండు టొలూకా పరిసరములలోను విత్తి, ఏడాదికి రెండు తరములు సాధించెను. పైయధికారులు తొలుత అంగీకరింపలేదు. ఆయన రాజీనామాకు సిద్ధపడినగాని అనుమతి రాలేదు. ఈ రాకపోకలవలన అనుకొనని మేలొకటి కలిగెను. పగటి నిడివిలోను, నేలలోను, తెగుళ్లలోను వేర్వేరుగానుండు రెండు ప్రదేశములందు బ్రతికిన మొక్కలు ప్రపంచమున ఎచ్చటనైన బ్రతుకగలిగినవయ్యెను. తరువాత జపానుదేశపు నోరిన్ 10 అను పొట్టిగోధుమ రక్తమును అమెరికాలోని ఓర్విల్ వోగెల్ వలన సంపాదించి కలుపగా, ఎరువునకు పడిపోక నిలుచు పొట్టివంగడములు 1962లో విడుదలయయ్యెను.

పాల్ పండించిన పొడుగుగోధుమలు ఎరువు హెచ్చుగా వేసినంతనే నేలకొరగుచుండెను గనుక, శాస్త్రజ్ఞుడు ఎం.ఎస్. స్వామినాథన్ మెక్సికో పొట్టిరకములను కోరెను. బోర్లాగ్ 1963లో మనదేశమునకు వచ్చి, చేలను చూచి వెళ్లి, విత్తనము పంపెను. 1965లో లెర్మారోహో 64, సొనోరా 64 రైతులకు విడుదలయయ్యెను. 1966లో 18,000 టన్నుల విత్తనము దిగుమతియయ్యెను. అదే సంవత్సరమున దేశము సుమారు కోటి టన్నుల ధాన్యమును విదేశములనుండి తెప్పించుకొని కడుపు నింపుకొనుచుండెను; అన్నము తప్ప ఎరుగని తెలుగునాట రేషను దుకాణముల యెదుట గోధుమలకై వరుసలలో నిలిచిన తరమునకు ఆ దినములు జ్ఞాపకముండును. 1964–65లో 1 కోటి 23 లక్షల టన్నులుగా నుండిన గోధుమపంట, 1967–68లో 1 కోటి 65 లక్షల టన్నులకు పెరిగెను. మెక్సికో గింజ ఎరుపువన్నెది. మన రొట్టెలకు తేనెవన్నె గింజ కావలెను. లుధియానాలో అథ్వాల్ ప్రభృతులును, ఢిల్లీ శాస్త్రజ్ఞులును మెక్సికోనుండి వచ్చిన విడివడుతరములనుండి తేనెవన్నె గింజగల మొక్కలను ఏరగా, కల్యాణ్‌సోనా, సోనాలికా అను రెండు వంగడములు లభించెను.

కల్యాణ్‌సోనా ఉత్తరదేశమున రాజ్యమేలెను. ఒక్క రకమే జిల్లాలకు జిల్లాలు నిండెను. పూర్వపు రైతుచేనిలో పదివిధముల మొక్కలు కలగలసియుండుటచే ఒక ఉపజాతి వచ్చినను చేను సగమైన నిలిచెడిది. ఏకరూపమైన చేనిలో ఒక మొక్కకు అంటిన తెగులు అన్నిటికిని అంటును. 1971–73 నడుమ కపిలత్రుప్పు వాయవ్యభారతమున కల్యాణ్‌సోనాను ముట్టడించెను. ఎన్నడో మారుమూల ఒదిగియున్న ఉపజాతి ఆ వంగడపు విస్తారమునే మెట్టుగా చేసికొని పెరిగినది. ఇందులో ప్రజననశాస్త్రపు లోపము కంటె, ఒక్క విత్తనమునే అంతటను చల్లిన మన తొందరపాటే అధికమని నా అభిప్రాయము. పదేపదే ఒకే రూపమునకు భిన్నభిన్న నిరోధకజన్యువులను చేర్చి, వానిని కలిపి విత్తు బహువంశ వంగడములను 1970 దశకపు చివర ఢిల్లీ, లుధియానా, పంత్‌నగర్ కేంద్రములు సిద్ధముచేసెను. కాని అప్పటికి రైతు క్రొత్త రకములవైపు మరలియుండుటచే అవి విశేషముగా వ్యాపింపలేదు.

ఈ సంక్షోభకాలమున అఖిలభారత గోధుమ పథకమునకు సమన్వయకర్తగా నుండినవాడు తెలుగువాడే. పశ్చిమగోదావరి జిల్లాలో, వరిచేల నడుమ జన్మించిన మంగిన వెంకటేశ్వరరావు తన జీవితమున శ్రేష్ఠభాగమును గోధుమకు ధారపోసెను. ప్రాంతప్రాంతమునకు వేర్వేరు నిరోధకశక్తి గల వంగడములు చేరునట్లు పరీక్షలు సాగింపవలసిన భారము ఆ పథకముదే. తరువాత ఆయన నూనెగింజల సాంకేతిక పథకమునకు నాయకత్వము వహించి, హైదరాబాదు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియయ్యెను.

మెహతా చెప్పిన కొండలకును మైదానములకును నడుమ దారి ఎట్టిదో 1970 దశకముననే నాగరాజన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు తేల్చిరి. నవంబరు ప్రాంతమున బంగాళాఖాతమునందు దక్షిణభాగమున పుట్టి, తీరము దాటి, మధ్యభారతమున బలహీనపడు తుఫానులలో కొన్ని, నీలగిరులపై ప్రబలియున్న నల్లత్రుప్పు సిద్ధబీజములను పైగాలిలోనికి లేపి, దక్కను మీదుగా మోసికొనిపోయి, నర్మదాతీరమున వానతో దింపుచున్నవి. మన తీరపు రైతు వరిపనలను తడిపి కన్నీరు పెట్టించు ఆ కార్తిక తుఫానే, వందల మైళ్లకవతల గోధుమరైతునకు తెగులును చేరవేయుచున్నదన్నమాట. మూలము తెలిసినందున చికిత్సయు మూలమునకే చేయగలిగిరి. నీలగిరులలోను, మధ్యభారతమునను ఒకే కాలమున నిరోధకవంగడములు వ్యాపింపగా, 1970 దశకము తరువాత నల్లత్రుప్పు మధ్యభారతమున మహమ్మారిగా రాలేదు. నీలగిరులలోని వెల్లింగ్టన్ కేంద్రమునను, హిమాలయపు లాహౌల్ లోయయందలి కేలాంగ్ వద్దను శాస్త్రజ్ఞులు వేసవిలో గోధుమ విత్తి, తెగులును పరీక్షించి, ఒక తరము ముందుకు జరుపుకొనుట నేటికిని సాగుచున్నది.

లుధియానానుండి 1995లో వచ్చిన పి.బి.డబ్ల్యు. 343 అను వంగడమునకు రై అను ధాన్యమునుండి గ్రహించిన జన్యుఖండము బలమునిచ్చెను. అదియు కల్యాణ్‌సోనావలెనే లక్షల హెక్టార్లను ఆక్రమించి, 2008–11 నడుమ పంజాబు, హర్యానాలలో పసుపుత్రుప్పునకు లొంగెను. దాని స్థానమున వచ్చిన హెచ్.డి. 2967 కొలది వత్సరములలోనే అట్లే బలహీనపడెను. అంతలో, ఆ రై ఖండమునందలి నల్లత్రుప్పు నిరోధకజన్యువునే జయించిన ఉపజాతి 1998లో ఉగాండాలో కనబడి, 1999లో గుర్తింపబడి, ఉగ్ 99 అను పేరు పొంది, కెన్యా, ఇథియోపియా, యెమెన్ మీదుగా 2007 నాటికి ఇరాను చేరెను. తొంబదియేండ్లు దాటిన బోర్లాగ్ 2005లో ప్రపంచమును మరల హెచ్చరింపగా, కెన్యాలోని ఎన్జోరో పరిశోధనాక్షేత్రమున ఆ తెగులు మధ్యనే ప్రపంచపు గోధుమలను విత్తి చూచుట ఆరంభమయ్యెను. మనదేశపు వంగడములును, ఇంకను విడుదలకాని సంతతులును ఏటేట అచ్చటికి పోవుచున్నవి. ఆ ఉపజాతి ఇంకను మన నేలపై కాలిడలేదు. దానిని తట్టుకొనునని ఎన్జోరోలో తేలిన రకముల విత్తనము మాత్రము ఇదివరకే మన రైతులకు అందినది.